తగ్గిన యూనిట్లు

మే 4, సోమవారం

ఎదురింటి వాళ్ల కరెంటు తీసేశారు. నేను పనికి బయల్దేరుతుంటే స్తంభానికి నిచ్చెన వేసి ఉంది. ఆ ఇంటావిడ తడి చేతులతోనే బయటికి పరుగెత్తుకొచ్చి, "రేపు కట్టేస్తామని చెప్పాం కదా అన్నా, ఒక్క రోజు ఆగలేవా?" అని అడుగుతోంది. పైనున్నతను తన పని తాను చేసుకుపోయాడు. తీగ తెంపి, దాన్ని చక్కగా చుట్టలు చుట్టి, స్తంభానికి కట్టి మరీ దిగాడు. తెంపినప్పుడు ఏమీ అనిపించలేదు కానీ అంత నింపాదిగా చుట్టలు చుట్టడం చూస్తే భయమేసింది.

వాళ్లకైతే ఫ్యాను ఆగింది, ఫ్రిజ్ ఆగింది. మా ఇంట్లో కరెంటు పోతే ఆగేది అత్తయ్య ఊపిరి.

ఇలా రాయకూడదు. రాయకపోయినంత మాత్రాన అబద్ధమైపోదు. ముప్పై ఏళ్లు నూలు మిల్లులో దూది పీల్చిన మనిషి. ఇప్పుడు ఆక్సిజన్ మెషిన్ లేకుండా గడవదు. తిండికీ స్నానానికీ తప్ప ముక్కు గొట్టం తీయొద్దని డాక్టర్ చెప్పారు. మెషిన్ అద్దెకు తెచ్చిన నెల బిల్లు చూసి మా ఆయన అంకెలు మళ్లీ మళ్లీ లెక్కపెట్టుకున్నారు. ఆయన వ్యానుకి ట్రిప్పులు సగమైపోయాయి. పాత బిల్లు ఇంకా కట్టకుండా అలాగే ఉంది.

మే 5

పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎలక్ట్రికల్ షాపు కౌంటర్లో నిలబడి, ఏ బల్బు కొంటే బిల్లు తగ్గుతుందో, ఏ ఫ్యాను ఎంత తింటుందో ఊరందరికీ చెప్పేదాన్ని నేను. మా ఇంట్లో మాత్రం వంటింటి పాత ట్యూబులైటు ఇంకా గుయ్యిమంటూనే ఉంది. నా ముఖం మీద నేనే ఉమ్మేసుకోవాలి.

రేపటి నుంచి ఇంట్లో కరెంటు యుద్ధం. మెషిన్ ఆగకూడదంటే మిగతావన్నీ ఆగాలి.

మే 6

షాపులో ధరల చీటీలు అంటించే గన్ను ఉంటుంది. ఓనరుకు చెప్పే ఇంటికి తెచ్చాను. మా అమ్మాయి గువ్వకు పని దొరికింది. బడికి సెలవులు కదా, అది ఊరికే ఉంటే ఇల్లు పీకి పందిరేస్తుంది. నేను చెబుతుంటే అది నొక్కుతూ పోయింది. ఏ స్విచ్చు పక్కన చూసినా ఒక పసుపు చీటీ, దాని మీద అది ఎన్ని వాట్లు తింటుందో ఆ అంకె. ఇస్త్రీపెట్టె చీటీ చూసి గువ్వ కళ్లింత చేసుకుంది. "అమ్మా, ఇది రాక్షసి!" అంది.

చివరికి అత్తయ్య గదిలోకి వెళ్లింది. "మెషిన్‌కి కూడా అంటించనా?"

"అంటించు. లెక్కంటే లెక్కే," అన్నాను.

అత్తయ్య కళ్లజోడు వెతుక్కుని పెట్టుకుని, వంగి చదివింది. "ఓసినీ! పగలూ రాత్రీ లెక్కేస్తే ఇంటిల్లిపాదిలో ఎక్కువ తినేది నేనేనన్నమాట. ఇన్నాళ్లూ మీ ఆయనేమో అనుకున్నాను!" అంది. అందరం నవ్వాం. నేనైతే కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వాను.

మే 10, ఆదివారం

చీటీలు అంటించిన మర్నాడే ఇంట్లో పందెం పెట్టాను. ఎవరి గదిలో లైటు ఊరికే వెలిగితే వాళ్లకో తప్పు. గువ్వ ఇన్‌స్పెక్టరు. రోజూ సాయంత్రం వరండాలో స్టూలెక్కి మీటరు చదివి, ఈరోజు ఎన్ని యూనిట్లు కాలాయో అరిచి చెప్పడం కూడా దాని పనే. వారం మొత్తంలో తక్కువ తప్పులు చేసినవాళ్లు ఆదివారం టీవీలో తమకు నచ్చింది చూడొచ్చు. ఆయన మొదటి రోజే ఓడిపోయారు. బాత్రూం లైటు వేసి మర్చిపోవడం ఆయన జన్మహక్కు.

గెలిచింది అత్తయ్య. "మిల్లులో నూలుపోగు తెగితే కూలి కోసేవారు. నాకు నేర్పుతారేంటే మీరు?" అంది. నన్ను దగ్గరికి పిలిచి, చెవిలో చెప్పినట్టుగా, "భయపడకే అమ్మాయ్. మన తీగ ఎవడూ తెంపడు. నేను చూసుకుంటాగా," అంది.

మంచంలో ఉన్న మనిషి నాకు ధైర్యం చెబుతోంది. ఏడుపొచ్చింది.

మే 13

ఫ్రిజ్ తలుపు రబ్బరు మార్చాను. పాతది ఊడి చల్లగాలంతా బయటికే పోయేది. వంటింట్లో కొత్త బల్బు పెట్టాను. బట్టలన్నీ వారానికోసారే ఇస్త్రీ.

గువ్వ మీటరు చదివి అరిచింది. నేను నమ్మక మళ్లీ చదవమన్నాను. నేనే వెళ్లి చూశాను. నిన్నటి కన్నా అంత తక్కువా! రబ్బరు మహిమ. షాపుకొచ్చే ప్రతి మనిషికీ రేపట్నుంచి ఫ్రిజ్ రబ్బరు గురించి చెప్పాలి.

మే 15

ఈ రోజు ఇంకా తగ్గింది. ప్రాణం లేచొచ్చింది.

మెషిన్‌కి ఒక నీళ్ల సీసా ఉంటుంది. గాలి పొడిగా రాకుండా ఆ నీళ్లలోంచి బుడబుడమంటూ వస్తుంది. రోజూ సాయంత్రం నింపాలి. ఈరోజు చూస్తే నిన్న పోసిన నీళ్లు చాలావరకు అలాగే ఉన్నాయి. గాలిలో తేమ ఎక్కువైందేమో. మంచిదే, ఆ పని కూడా తప్పింది.

మే 17, ఆదివారం

మళ్లీ అత్తయ్యే గెలిచింది. టీవీ మాత్రం చూడలేదు. నిద్రొస్తోందని అటు తిరిగి పడుకుంది. ఈ మధ్య పగలంతా పడుకుంటోందని గువ్వ చెప్పింది. విశ్రాంతి మంచిదేగా.

మెషిన్ వెనకాల దుమ్ము పట్టే స్పాంజి ఉంటుంది. ఆదివారం ఆదివారం కడుగుతాను. ఎప్పుడూ బూడిదలో ముంచినట్టు ఉండేది. ఇవాళ దాదాపు తెల్లగానే ఉంది. పోయినవారం బాగా కడిగి ఉంటాను.

మే 19

అన్నం తింటూ గువ్వ అడిగింది.

"అమ్మా, గోళ్లు నీలంగా ఎందుకవుతాయి?"

"ఇంకు అంటుకుంటే అవుతాయి."

"ఇంకు అంటుకోకపోతే?"

"చలేస్తే అవుతాయి."

"ఇప్పుడు చలి లేదుగా."

లోపలి గదిలోంచి అత్తయ్య, "తినేటప్పుడు వాగకే, పొలమారుతుంది," అని కేకేసింది. మధ్యలో దమ్ము చాలక ఆగి, మిగతా మాట పూర్తి చేసింది. గువ్వ తలొంచుకుని తినేసింది. ప్రశ్నలు మొదలుపెడితే తెల్లవార్లూ అడిగే పిల్ల, ఒక్కమాటకే ఊరుకుంది.

మే 20

నిద్ర సరిగ్గా పట్టలేదు. ఎందుకో తెలియదు. బిల్లు గురించే అయ్యుంటుంది.

మే 21

అత్తయ్య వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే క్లిప్పు పనిచేయట్లేదు. బ్యాటరీలు లేవు అందులో. "గోడ గడియారం ఆగిపోతే దానికి వేశానే. గంట తెలియకపోతే ఎలా?" అంది అత్తయ్య. నా మొహంలోకి చూడకుండా చెప్పింది.

రేపు షాపు నుంచి కొత్తవి తేవాలి.

మే 22

బ్యాటరీలు మర్చిపోయాను. షాపులో నా మోచేతి పక్కనే డబ్బా నిండా ఉంటాయి. మనిషికి మతిమరుపు ఎంత!

యూనిట్లు ఇంకా తక్కువ. రీడింగ్ తీసే రోజుదాకా ఇలాగే ఉంటే యూనిట్‌కి ఎక్కువ రేటు పడే పైస్లాబులోకి వెళ్లం. గీత కిందే ఉంటాం. వచ్చే బిల్లూ, పాతదీ కలిపి కట్టేయొచ్చు. స్తంభం మీద ఎవరూ ఎక్కరు.

మే 23

మర్చిపోయాను.

మే 25, సోమవారం

షాపు గోడౌను తాళంచెవి ఇంట్లో మర్చిపోయాను. మధ్యాహ్నం ఓనరు తన బండిచ్చి పంపారు. ఆ తాళంచెవి వరండాలో మేకుకే వేలాడుతోంది, లోపలికి వెళ్లే అవసరం లేకపోయింది. తీసుకుని వచ్చేశాను.

మెషిన్ చప్పుడు వినిపించలేదు.

ఆ మెషిన్ ధుక్ ధుక్ మంటుంది, మధ్యమధ్యలో పాములా బుస్సుమంటుంది. గేటు దగ్గరకే వినిపిస్తుంది. వీధిలో ఇసుక లారీ ఒకటి ఆగి ఉంది. దాని రొదలో వినిపించి ఉండదు.

షాపుకి వచ్చాక ఒకాయనకు స్విచ్చుబోర్డు ఇవ్వబోయి కాలింగ్ బెల్ ఇచ్చాను. "ఏంటమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు.

మే 26

లారీ చాలా పెద్దది. ఆ రొదకి పక్కన మనిషి మాట్లాడినా వినపడదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మెషిన్ నడుస్తోంది. అత్తయ్య గొట్టం పెట్టుకుని బుద్ధిమంతురాలిలా కూర్చుని ఉంది. "వచ్చావా," అంది. ఆ ఒక్కమాటకే ఆయాసపడింది. అంతా మామూలుగానే ఉంది.

రేపు రీడింగ్ తీస్తారు. అదైపోనీ. తర్వాత అత్తయ్యతో తీరిగ్గా కూర్చుని మాట్లాడాలి. దేని గురించి అంటే, ఆరోగ్యం గురించి, మామూలుగా.

మే 26, పడుకునేముందు

లారీ ఇంజను ఆపి ఉందా?

మే 27, బుధవారం

నేను బయల్దేరకముందే రీడింగ్ తీసేవాడు వచ్చాడు. గీత దాటలేదు! ఎంతో కింద ఉన్నాం. "ఏం చేశారమ్మా, ఊరెళ్లారా?" అని అడిగాడు. ఫ్రిజ్ రబ్బరు మార్చామని చెప్పాను. మా ఆయన నా వీపు తట్టి, "మా ఇంటి కరెంటు మంత్రి!" అన్నారు. గువ్వ చప్పట్లు కొట్టలేదు.

రేపు మాట్లాడతాను. రేపు తప్పకుండా. బ్యాటరీలు కూడా తెస్తాను.

మే 30

రెండు రోజులు రాయలేదు.

గురువారం షాపుకి ఫోన్ వచ్చింది. గువ్వ. అరుపు లేదు, ఏడుపు లేదు, ఊపిరి బిగబట్టి చెప్పింది. "అమ్మా, నానమ్మ లేవట్లేదు. నేను మెషిన్ ఆన్ చేసేశాను. చెప్పనని మాటిచ్చాను. ఇప్పుడు చెప్పొచ్చా?"

ఏమన్నానో గుర్తులేదు. కౌంటరు కిందనుంచి దూరి బయటపడ్డానని ఓనరు తర్వాత చెప్పారు. ఇంటికెళ్లేసరికి అత్తయ్య పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. చేతివేళ్లు కూడా. పిలిస్తే కళ్లు తెరిచింది, నన్ను ఆనవాలు పట్టలేదు. "షిఫ్టు అయిపోయిందా?" అని అడిగింది. మిల్లులో ఉన్నాననుకుంది పాపం.

అంబులెన్సులో పడుకోబెట్టాక నా చెయ్యి పట్టుకుంది. ఎవరి చెయ్యి అనుకుని పట్టుకుందో.

ఇప్పుడు ప్రాణాపాయం లేదంటున్నారు. రెండు గంటలు ఆలస్యమైతే దక్కేది కాదన్నారు. ఆ మాట చెప్పిన నర్సు నా వయసుదే. మామూలుగానే చెప్పి ట్రే పట్టుకుని వెళ్లిపోయింది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

మే 31

గువ్వ అంతా చెప్పింది. నాకొక్కదానికే. ఆయన వ్యాను వెళ్లాక, నేను గేటు దాటగానే నానమ్మ మెషిన్ ఆపేసేదట. సాయంత్రం నేను వచ్చే వేళకి గువ్వ కిటికీలోంచి చూసి, "అమ్మొచ్చింది!" అంటే మళ్లీ వేసేదట. "మనిద్దరం కలిసి మీ అమ్మ భయం పోగొడదాం. ఇది మన రహస్యం," అందట. మొదట్లో దానికి ఆటలాగే ఉందట. తర్వాత గోళ్లు చూసి భయమేసిందట.

"నేను నిన్ను అడిగానుగా అమ్మా, గోళ్ల గురించి."

అడిగింది. చలికి అని చెప్పాను.

జూన్ 2

డాక్టర్ ఆయన్ని అడిగారు, మెషిన్ సరిగ్గా వాడుతున్నారా అని. "ఒక్క గంట కూడా ఆపలేదు డాక్టర్. మా ఆవిడ కన్నతల్లిని చూసుకున్నట్టు చూసుకుంటుంది," అన్నారాయన. గువ్వ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

ఇప్పుడు ఆయనకు కోపమంతా మెషిన్ మీద. అది పాడైపోయిందని, అద్దెకిచ్చినవాడు పనికిరాని మెషిన్ అంటగట్టాడని ఊగిపోతున్నారు. అమ్మ ఇంటికి రాగానే వాడి షాపుకి వెళ్లి నలుగురిలో నిలదీస్తారట. పాపం, ఆ పెద్దాయన మెషిన్ దింపిన రోజు చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి, అత్తయ్యకు గొట్టం ఎలా పెట్టుకోవాలో పదిసార్లు చూపించాడు.

చెప్పాలి. చెప్తే ఆయన ఏమడుగుతారో నాకు తెలుసు. నీకెప్పుడు తెలిసింది అని అడుగుతారు.

ఫోన్ వచ్చినప్పుడే అని చెప్పొచ్చు. గువ్వ చెప్పింది అప్పుడే కదా. అది అబద్ధం కాదు.

జూన్ 4

ఫోన్ వచ్చినప్పుడే తెలిసింది.

జూన్ 5

ఫోన్ వచ్చినప్పుడే తెలిసింది. అంతకుముందు అనుమానం మాత్రమే. అనుమానం వేరు, తెలియడం వేరు.

జూన్ 7, ఆదివారం

అత్తయ్యను ఇంటికి తెచ్చాం. సగమైపోయింది. దిండుకి ఆనించి కూర్చోబెడితే అందులోనే మునిగిపోయింది. మెషిన్ వేశాను. చీటీలన్నీ నిన్ననే గోకి పారేశాను, ఇల్లంతా జిగురు మరకలు.

ఆయన గువ్వను తీసుకుని మందులకు వెళ్లారు. తిరిగొస్తూ మెషిన్ అద్దెకిచ్చిన పెద్దాయన దగ్గర కూడా ఆగుతానన్నారు. ఆదివారం షాపు మూసినా వాడు ఇంట్లోనే ఉంటాడట, ఈరోజే తేల్చేస్తారట. ఆపుదామని వెనకాలే గేటుదాకా వెళ్లాను. పిలవకుండానే గేటు వేసేశాను.

లోపలికొచ్చి అత్తయ్య కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఇన్నాళ్లూ మనసులో అనుకుంటున్నదంతా కోపంగా బయటికొచ్చింది. "ఎందుకిలా చేశారు అత్తయ్యా? మీకేమైనా అయితే? నేను ఎవరికోసం ఇదంతా చేశాననుకున్నారు? మీ మెషిన్ ఆగకూడదనే కదా ఇంట్లో అన్నీ ఆపాను!"

అత్తయ్య తాపీగా ఊపిరి తీసుకుంది. ఇప్పుడు నాలుగు మాటలకొకసారి ఆగుతోంది.

"రోజూ పొద్దున్నే నీ మొహం చూసేదాన్ని," అంది. "బయటికి వెళ్తూ ఎదురింటి స్తంభం వైపు చూసేదానివి. ఆ చూపు చూడలేకపోయాను. మధ్యాహ్నం కాసేపు ఆపితే ఏమవుతుందిలే అనుకున్నాను. ఏమీ కాలేదు. ఇంకాసేపు ఆపాను."

"నాకు చెప్పొచ్చుగా?"

"చెప్తే ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను!"

అత్తయ్య నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు, అదే నన్ను చంపేసింది.

"ఒకరోజు మధ్యాహ్నం వచ్చావు, బండి మీద. నేను కిటికీ పక్కనే పడుకుని ఉన్నాను. గువ్వ ఆడుకోవడానికి పక్కింటికి వెళ్లింది. వరండాలో తాళంచెవి తీసుకున్నావు. తీసుకున్నదానివి వెళ్లిపోక, మెట్టు మీద నిలబడ్డావు. ఇటే చెవి పెట్టి విన్నావు. చాలాసేపు నిలబడ్డావే. దొరికిపోయాను, ఇప్పుడొచ్చి నా వీపు చీరేస్తుంది అనుకున్నాను. నిజం చెప్పనా? రావాలనే అనుకున్నాను. అప్పటికే నాకు చేతకావట్లేదు. మెషిన్ దాకా చెయ్యి చాచాలన్నా ఓపిక లేదు. పిలుద్దామంటే గొంతు రాలేదు."

లారీ ఉందని చెప్పబోయాను. లారీ ఖాళీ చేసి ఎప్పుడో వెళ్లిపోయింది. నేను గేటు తీసేటప్పటికే వీధి ఖాళీగా ఉంది. వీధంతా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, మెట్టు మీద నా ఊపిరి నాకు వినిపించింది.

"నువ్వు వెళ్లిపోయావు," అంది అత్తయ్య. "సరేలే, దీనికీ ఇష్టమే, పైకి చెప్పలేకపోతోంది అనుకున్నాను. అందుకే మర్నాడూ ఆపాను. ఆ మర్నాడూ ఆపాను."

నేను ఆమె పాదాల మీద తల పెట్టి ఏడ్చాను. క్షమించమని అనలేకపోయాను. ఏ మాట నోట్లోకి తెచ్చుకున్నా అది నాకే అసహ్యంగా ఉంది. నాకు ఆ రోజే తెలుసు. రెండు రోజుల్లో రీడింగ్ ఉందని ఆగాను. రెండు రోజులేగా అనుకున్నాను. ఆ మాట అక్కడ నోటితో అన్నాను, ఇక్కడ చేత్తో రాస్తున్నాను.

అత్తయ్య నా తల నిమరలేదు. నెట్టేయనూ లేదు. చాలాసేపటికి, "వాడికి చెప్పకు," అంది. "వాడు తట్టుకోలేడు. మెషినే పాడైందని అనుకోనీ. ముసలిదాన్ని, నేనూ అదే చెప్తాను."

"ఆ మెషిన్ పెద్దాయన ఏం పాపం చేశాడు అత్తయ్యా?"

"నువ్వు చెప్తే వాడు మళ్లీ నీ మొహం చూడడేమో."

"తెలుసు."

"భయం లేదా నీకు?"

"చచ్చేంత భయంగా ఉంది."

అత్తయ్య కళ్లు మూసుకుంది.

ఆయనకి ఫోన్ చేశాను. మెషిన్ పెద్దాయన ఇంటి ముందే ఉన్నారట, తలుపు కొట్టబోతున్నారట. "కొట్టకండి," అన్నాను. "ముందు నా మాట వినండి. గువ్వని కాస్త దూరంగా నిలబెట్టండి."

"ఏమైంది? అమ్మకేమైనా అయ్యిందా?"

"అత్తయ్య బాగానే ఉంది. మెషిన్‌కి ఏమీ కాలేదు," అన్నాను. తర్వాత మిగతాది చెప్పాను, సోమవారం మధ్యాహ్నం దగ్గర్నుంచి.

ఆయన ఫోన్ పెట్టేయలేదు. వీధిలో ఎవరో ఆయన్ని దారి తప్పుకోమనడం వినిపిస్తోంది. ఆయన తప్పుకోలేదనుకుంటాను. వాళ్లు మళ్లీ మళ్లీ అంటున్నారు.